రెండు ముద్దలకే సాకు

సరోజకు ఏమొచ్చిందో డాక్టర్ వెంకట్రాములు తన చుట్టూ మూగిన డాక్టరు చదువు పిల్లలందరికీ చెప్పాడు. ఆమె మొగుడు సాయన్నకు మాత్రం చెప్పలేదు.

ఇది జరిగిన సంగతి. దీని మీద వాదన లేదు. కరువు ఏడాది, కాలేజీ దవాఖానలో, మంచం పక్కనే సాయన్న నిలబడి ఉన్నాడు. డాక్టరు ఇంగ్లీషులో చెబుతున్నాడు. తెల్లకోట్లు తలలూపుతున్నాయి. ఆఖరికి సాయన్న వైపు తిరిగి, "ఇంటికి తీసుకుపోండి. ఏమడిగితే అది పెట్టండి" అన్నాడు.

పథ్యం తీసేశారు, జబ్బు నయమైందనుకున్నాడు సాయన్న. గద్వాలలో దిగి మాంసం కొన్నాడు. గట్టులో ఇల్లిల్లూ తిరిగి తన భార్యకు బాగైందని చెప్పుకున్నాడు. ఏమడిగితే అది పెట్టమన్నారని విన్నవాళ్లు తల దించుకున్నారు. ఎందుకు దించుకున్నారో పాడె కట్టిన రోజు గానీ అతనికి తెలియలేదు.

ఆ డాక్టరు పేరు ఇవాళ మళ్లీ ఆ ఇంట్లో వినబడింది.

"వనపర్తిల రేపు క్యాంపు ఉన్నది నాయనా. మా వెంకట్రాములు సారే వస్తుండు. అత్తను తీస్కపోదాం" అంది మానస.

సాయన్న వినలేదన్నట్టు గోడవైపు చూశాడు. అదే డాక్టరు పాఠాలు చెప్పే కాలేజీలో డాక్టరు చదువుకు సీటొచ్చిందని కూతురు చెప్పిన రోజు నుంచి అతను ఆమెతో అవసరమైన మాటే మాట్లాడుతున్నాడు. అవసరాలు కూడా తక్కువే.

గడప పక్కన మానస మేనత్త జానకమ్మ మూట అట్లాగే ఉంది. రాయచూరు బస్సెక్కి పోతానని నిన్న ఆమె కట్టిన మూట. సాయన్న కొడుకు నిరంజన్ దాన్ని విప్పనూ లేదు, మోయనూ లేదు. పెళ్లానికీ మేనత్తకూ నడుమ ఏ మాటంటే ఏం ముంచుకొస్తుందోనని పత్తి చేనుకు పోయి కూర్చున్నాడు.

పొయ్యి పొద్దుటి నుంచి వెలగలేదు. కోడలు వసంత గోడకానుకుని కూర్చుంది. ఇక వండనంది.

"ఎవరికోసం వండాలె? రెండు ముద్దలు నోట్లె ఏసుకుంటది, సాకు అంటది. రొట్టె ఇంత తుంచుతది, సాకు అంటది. నీ చేతి కూడంటే ఆమెకు అంత రోత ఏందని ఊరంత నన్నే అడుగుతుండ్రు."

"రోత అని నేనన్ననా పిల్లా?" జానకమ్మ గొంతు లేవలేదు.

"నోటితోటి అనాల్నా? కంచం పక్కకు నూకితే సాలదా?"

"నీకు సాలు, ఆమెకు సాకు. ఇద్దరిదీ ఒకటే మాట. ఇంక కొట్లాట ఏంది?" అన్నాడు సాయన్న.

ఎవరూ నవ్వలేదు.

జానకమ్మ సాయన్నకు అక్క. ఆమె కాపురం రాయచూరు వైపు. మొగుడు పోయాక పుట్టినింటికి వచ్చింది, సరోజ పోయాక ఈ ఇంటికి ఆమే దిక్కయింది. తెచ్చుకున్న కన్నడం అంతా పోయి ఆ ఒక్క మాట మిగిలింది. కన్నడంలో సాకు అంటే 'చాలు' అని. కోడేరు నుంచి కాపురానికి వచ్చిన వసంతకు మొదట్లో అది ఏదో వంక చెబుతున్నట్టు వినబడేది. తర్వాత అర్థం తెలిసింది గానీ కోపం పోలేదు. నిన్న ఆ మాట విని కంచం ఎత్తి వాకిట్లోకి విసిరింది. జొన్నరొట్టె బర్రె తిన్నది. మూట కట్టడం అప్పుడు మొదలైంది.

మానస మేనత్త ముందు కూర్చుని ఆమె కింది కనురెప్పను వేలితో లాగి చూసింది. లోపల సున్నం పూసినట్టుంది.

"రైక చేతులు ఎప్పటిసంది గిట్ల వదులైనయి అత్తా?"

"ఉతికి ఉతికి బట్ట సాగింది బిడ్డా."

"బట్ట సాగలే. నువ్వు తగ్గినవు."

"కూడు తినకుంటే తగ్గక లావైతదా?" అంది వసంత.

మానస వదినె మాట పట్టించుకోలేదు. తండ్రి వైపు తిరిగింది. "నాయనా, ఇది అలక కాదు. లోపల ఏమున్నదో చూడాలె. గొట్టం ఏసి చూసే వ్యాను క్యాంపుకే వస్తుంది. రేపు దాటితే మల్ల దొరకదు."

"ఆ మనిషి చేతిల నా ఇంటి మనిషిని మల్ల పెట్ట."

"మా సారు గట్లాంటోడు కాదు నాయనా."

"నువ్వాయన తాన సదువుకుంటున్నవు. సదువుకో. మా ఇంటి పీనుగుల మీద సదవకు."

మానస మొహం పాలిపోయింది. కొట్టంలో బర్రె గొలుసు కదిలిన చప్పుడు వినబడింది.

"పోత" అంది జానకమ్మ.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. జ్వరమొస్తే సూదికి కూడా ఒప్పుకోని మనిషి.

"పోత గానీ, తమ్ముడు రావాలె నాతోటి."

"నేను రాను."

"రాకుంటే రాయచూరు పోత. మూట కట్టే ఉన్నది."

"నేనెందుకు అక్కా? డాక్టరు నీ మేనకోడలు ఉన్నది కదా."

"నువ్వే రావాలె." అంతకుమించి చెప్పలేదు. కళ్లు మాత్రం దించుకుంది. అక్క కళ్లు దించుకోవడం సాయన్న ఎరగడు. అదే అతన్ని బస్సెక్కించింది.

* * *

పరగడుపునే రావాలని మానస రాత్రే చెప్పింది.

"అదొక్కటి ఆమెకు అల్కగనే అయితది" అంది వసంత. అన్నది గానీ తానూ బయల్దేరింది. రాకపోతే ఊరు ఏమంటుందో ఆమెకు తెలుసు. బస్సులో జానకమ్మకు దూరంగా, వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. మానస వాళ్లకంటే ముందే తెల్లవారుజామున వెళ్లిపోయింది.

గద్వాలలో బస్సు మారారు. ఎర్రవల్లి దాటింది. బీచుపల్లి వంతెన మీద బస్సులో అందరూ కృష్ణకు దండం పెట్టుకున్నారు. జానకమ్మ పెట్టుకోలేదు. తమ్ముడి చేతిమీద చేయి వేసింది. ఆ చేయి ఎంత తేలికగా ఉందో సాయన్నకు అప్పుడే తెలిసింది.

"సాయన్నా, నీకొకటి చెప్పాలె."

"చెప్పు."

ఆమె నీళ్ల వైపు చూసింది. వంతెన అయిపోయింది.

"దిగినంక చెప్త."

పెబ్బేరులో బస్సు ఆగింది. వనపర్తిలో దిగారు. ఆమె చెప్పలేదు. అతను అడగలేదు. అడిగి చెప్పించుకునే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

క్యాంపు ఒక బడిలో పెట్టారు. వాకిట్లో షామియానా, దాని పక్కన తెల్ల వ్యాను. మానస వ్యాను లోపల పనిలో ఉంది. ఒక గదిలో బెంచీల మీద డాక్టరు చదువు పిల్లలు కూర్చున్నారు. నల్లబల్ల మీద సుద్దతో గీసిన కడుపు బొమ్మ మేక తోలు తిత్తిలాగా ఉంది. రోగిని ముందు కుర్చీలో కూర్చోబెట్టడం, ఒక పిల్లవాడు పక్కకు తీసుకుపోయి అడిగింది అందరి ముందూ చెప్పడం, దాని మీద డాక్టరు పాఠం చెప్పడం. అదీ వరస.

సాయన్న గదిలోకి పోలేదు. కిటికీ బయట నిలబడ్డాడు.

వెంకట్రాములు జుట్టు నెరిసింది. అది కూడా సాయన్నకు నచ్చలేదు. ఏదో బాధ పడ్డ మనిషిలా కనబడుతున్నాడు.

"కడుపు నొస్తుందని రోగి చెబితే సగం పని ఆమే చేసిపెట్టినట్టు" అంటున్నాడు డాక్టరు. "కడుపులో పుట్టే క్యాన్సర్ మొదట్లో నొప్పి పెట్టకపోవచ్చు. ఒళ్లు తగ్గుతుంది, తిండి తగ్గుతుంది. ఇంట్లోవాళ్లు అలక అంటారు, వయసు అంటారు. తెలిసేసరికి మన చేతుల్లో ఏమీ ఉండదు. అందుకే రోగి ఏ మాటంటే ఆ మాటే నాకు చెప్పండి. మీ మాటల్లోకి మార్చకండి."

ఇప్పుడు తెలుగులో చెబుతున్నాడు. అవసరమైన రోజున రాని తెలుగు, సరోజ మట్టిలో కలిశాక వచ్చింది. సాయన్న కిటికీ చువ్వ పట్టుకున్నాడు.

జానకమ్మ వంతు వచ్చింది. రాకేష్ అని కోస్తా నుంచి వచ్చిన పిల్లవాడు లేచి చెప్పాడు. ఆమె వయసు చెప్పాడు, ఊరు చెప్పాడు. నొప్పి లేదు, వాంతులు లేవు అన్నాడు.

"తిండి?"

"సరిగ్గా తినట్లేదు సార్. ఎందుకు తినట్లేదమ్మా అని ఎన్నిసార్లు అడిగినా, సాకు, సాకు అంటోంది."

"ఆమె మాటేనా అది? నీ మాటా?"

"ఆమె మాటే సార్. సాకు చెబుతున్నానని ఆమే ఒప్పుకుంటోంది."

గదంతా గొల్లున నవ్వింది. జానకమ్మ కూడా ఏదో మంచి మాటే అనుకుని నవ్వబోయి ఆగిపోయింది.

"ఇంట్లో గొడవలున్నట్టున్నాయి సార్. వచ్చిన కోడలు ఈమెతో మాట్లాడటం లేదు. తిండి మానేసి సాధిస్తోందనిపిస్తోంది" అన్నాడు రాకేష్.

"గొడవలున్నాయా అమ్మా?" అడిగాడు డాక్టరు.

"ఎవరింట్ల ఉండయి సారూ?"

"అయితే గొట్టం వేసి చూడాలా, వద్దా?" డాక్టరు పిల్లల వైపు తిరిగాడు.

"అవసరం లేదు సార్. రక్తానికీ గ్యాసుకూ మాత్రలిచ్చి పంపొచ్చు" అన్నాడు రాకేష్.

"ఇంకెవరైనా వేరే మాట చెబుతారా?"

ఎవరూ చెప్పలేదు. వాకిట్లో జనం గేటు దాకా ఉన్నారు. డాక్టరు గడియారం చూసుకుని, తర్వాతి రోగిని రమ్మన్నట్టు చేయి ఊపాడు. జానకమ్మ కుర్చీలోంచి లేచింది. తప్పించుకున్నట్టే ఉంది ఆమె మొహం.

"సాకు అంటే సాకు కాదు సారూ!"

తలుపు దగ్గర నుంచి వసంత అరిచింది. పిల్లలు మరింత నవ్వారు.

"ఎందుకు నవ్వుతుండ్రు? సాకు అంటే సాలు. వాండ్ల రాయచూరు మాట అది. తిననీకి మంచిగనే కూసుంటది. రెండు ముద్దలకే సాలంటది. ముందుగాల రొట్టె తినేది. పిదప సగం రొట్టె. ఇప్పుడు రెండు ముద్దలు. నా మీద కోపమనుకున్న. కొట్లాడిన. కంచం ఇసిరేసిన..."

తాను ఏం చెబుతోందో అప్పుడే తన చెవులతో విన్నట్టు నిలబడిపోయింది.

డాక్టరు చేతిలో సుద్దముక్క కింద పెట్టాడు. జానకమ్మ భుజం పట్టి మళ్లీ కూర్చోబెట్టాడు.

"ఆకలవుతుందా అమ్మా?"

"అయితది సారూ. కంచం ముంగట కూసున్నంక ఏమైతదో తెల్వదు. పెండ్లి బువ్వ తిన్నట్టు కడుపు బిర్రుగైతది."

"రెండు ముద్దలకే?"

"రెండో, మూడో. ఇంక సాకు."

ఈసారి గదిలో ఎవరూ నవ్వలేదు.

"రెండు ముద్దలకే కడుపు నిండటం. దీన్ని పుస్తకంలో ఏమన్నారు?" అడిగాడు డాక్టరు. ముందు బెంచీలో ఒక అమ్మాయి ఇంగ్లీషులో ఏదో చెప్పింది. "అవును. పుస్తకంలో ఉంటే నేర్చుకున్నారు. ఆమె చెబితే నవ్వారు. నేను పంపించేయబోయాను."

వసంత వచ్చి జానకమ్మ కొంగు పట్టుకుంది. "నాకేం తెల్సు అత్తమ్మా, నాకేం తెల్సు?"

"ఊకో పిల్లా. నాకు తెల్సా ఏంది?"

వ్యాను వైపు నడిపిస్తుంటే జానకమ్మ ఆగి డాక్టరు చెవిలో ఏదో చెప్పింది. డాక్టరు ఆమె మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తల తిప్పి కిటికీ బయట ఉన్న సాయన్నను చూశాడు.

* * *

వ్యాను తలుపు తెరుచుకునేసరికి షామియానా నీడ అటువైపు జరిగింది. ముందు మానస దిగింది. ఆమె తండ్రి మొహం చూడలేదు. దాంతోనే సాయన్నకు సగం అర్థమైంది.

డాక్టరు వచ్చి కుర్చీ లాగాడు. "కూర్చో పెద్దాయనా."

"నిలబడే వింట. అలవాటే నాకు."

డాక్టరు కూడా కూర్చోలేదు. "కడుపులో గడ్డ ఉంది. కొంచెం పుండుపడింది. ముక్క తీసి పరీక్షకు పంపుతున్నాం, ఆ ఫలితం వచ్చేదాకా ఖాయంగా అనకూడదు. కానీ నేను ఇట్లాంటివి చాలా చూశాను. క్యాన్సరే అనుకుంటున్నాను."

సాయన్న రెప్ప వేయలేదు.

"పక్కకు పాకినట్టు నాకైతే కనబడలేదు. స్కానింగులో కూడా లేదంటే ఆపరేషన్ చేయొచ్చు. కడుపులో కొంత తీసేస్తారు. బతకొచ్చు. మాట ఇవ్వలేను. అయితే ఆలస్యం చేస్తే అదీ ఉండదు. ఇంకొకటి. ఆపరేషన్‌కు ఆమె ఒప్పుకోవాలి. ఏమొచ్చిందో తెలియకుండా కడుపు కోయించుకోమంటే ఎవరు ఒప్పుకుంటారు?"

"చెప్పు మరి. నోరున్నది కదా నీకు."

"మీరు చెప్పాలి. ఏమున్నా మా తమ్ముడికే చెప్పండి, వాడు చెబితేనే వింటా అని వ్యాను ఎక్కేముందు మాట తీసుకుంది."

సాయన్న నవ్వాడు. మంచి నవ్వు కాదు. "ఇయ్యాల నాకే చెప్తవా? నా పెండ్లాం సచ్చిపోయేటప్పుడు నేను కనవడలేదు నీకు. నీ పిల్లలకు చెప్పినవు, గోడలకు చెప్పినవు. నన్ను మాంసం కొనుక్కొని ఇంటికి పొమ్మన్నవు."

"నాయనా" అంది మానస.

"నువ్వు ఊకో. ఈ మాట ఈయన మొహం మీద అనాలని బతికున్న నేను."

డాక్టరు తల దించుకోలేదు. "మీ భార్యకు ఆ రోజుకే క్యాన్సర్ కాలేయం దాకా పాకిపోయింది. నేను మీకు చెప్పడానికే వచ్చాను. వరండాలో ఒకామె నా రెండు చేతులు పట్టుకుంది. మా తమ్ముడికి చెప్పకండి, చెబితే పత్తి మందు తాగి చస్తాడు, టెన్త్ చదివే పిల్ల ఆగమైపోతుంది అని ఏడ్చింది. నేను విన్నాను. వినకూడదు. మీకు చెప్పాల్సింది. ఆ తప్పు నాదే."

"ఎవరామె?"

డాక్టరు వ్యాను వైపు చూశాడు. "ఇందాక నా చెవిలో ఆమె అన్నది అదే. పోయినసారి అడ్డం పడింది నేనే సారూ, ఈసారి వానికే చెప్పు, అని."

షామియానా కింద ఎవరో పసిపిల్లకు పాలు పడుతున్నారు. గేటు దగ్గర పేర్లు పిలుస్తున్నారు. సాయన్నకు అవేవీ వినబడలేదు. ఆ రోజు తాను తెచ్చిన మాంసం వండింది అక్కే. పొయ్యి ముందు కూర్చుని పొగ అని కళ్లు తుడుచుకుంది. ఊరంతా తిరిగి వచ్చి సరోజకు నయమైందని అతను చెబుతుంటే, వింటూ మసాలా నూరింది. అన్నేళ్లూ అతను డాక్టరును తిట్టిపోస్తుంటే పక్కనే కూర్చుని విన్నది. ఒక్కనాడు కాదనలేదు.

మానస తండ్రి మోచేయి పట్టుకుంది. "నాయనా, నాకు కూడ ఇప్పుడే తెల్సింది. కోపం తర్వాత చూసుకో. అత్తకు చెప్పు ముందు. నేను చెప్తే పిల్లదానివి, నీకేం తెల్సు అంటది. మూట తీస్కొని రాయచూరు పోతది. నీ మాట ఒక్కటే వింటది."

అతను చేయి విడిపించుకున్నాడు. నడిచి వ్యాను మెట్ల దాకా పోయాడు.

లోపల సన్నటి మంచం మీద జానకమ్మ ఒత్తిగిలి పడుకుని ఉంది. గొంతుకు కొట్టిన మత్తుమందు ఇంకా దిగలేదు, మాట తడబడుతోంది. వసంత ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"చెప్పిండా?" అడిగింది జానకమ్మ.

"చెప్పిండు."

"అంత చెప్పిండా?"

"అంత."

ఆమె కళ్లు మూసుకుంది. కంటి కొసన నీళ్లు జారి చెవిలోకి పోయాయి. తుడుచుకోలేదు. "నీ పాణం కోసమే రా తమ్మీ."

సాయన్న తల పక్కకు తిప్పుకున్నాడు.

"తిట్టు. కొట్టు. మాట్లాడకుండ మాత్రం ఉండకు." కాసేపు ఆగి, కళ్లు తెరిచి, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. "నాకేమున్నదంట? నువ్వేం చెప్తే అది చేస్త. కొయ్యమంటే కొయ్యనిస్త. చెప్పు సాయన్నా."

వసంత అతని వైపు చూసింది. వెనక మెట్ల దగ్గర మానస నిలబడింది. డాక్టరు దూరంగా ఆగిపోయాడు.

సాయన్న భుజం మీది తువ్వాల తీసి దులిపి మళ్లీ వేసుకున్నాడు.

"నన్నడగకు అక్కా. ఇయ్యాల కాదు, ఎన్నడూ అడగకు. ఆనాడు సరోజ ముచ్చట నా చెవిన పడనియ్యలే నువ్వు, నీ ముచ్చట ఇంక నా నోట రాదు."

మెట్లు దిగి గేటు వైపు నడిచాడు.